వరి వేరును కోయకుండా లోపల చూడటం: ఎక్స్‌రే హోలోగ్రఫీతో త్రిమితీయ సూక్ష్మచిత్రం తీసే పద్ధతి

సార్వా చేలో నెల రోజులు నీళ్లు నిలిచే ఉన్నా వరి పచ్చగా ఉంటుంది. అదే నీరు గట్టు మీది కంది మొదలును తాకితే నాలుగు రోజుల్లో మొక్క వడలిపోతుంది. తేడా అంతా వేరులోనే ఉంది. వరి వేరు లోపల కొన్ని కణాలు తమంతట తామే చనిపోయి ఖాళీలు వదులుతాయి. ఆ ఖాళీలే గాలి దారులు. ఆకు నుంచి ఆక్సిజన్ వాటి గుండా దిగి బురదలో ఉన్న వేరు కొన దాకా చేరుతుంది.

వాటిని చూడటానికి కళాశాలల్లో చేసేది ఒక్కటే. వేరును బ్లేడుతో అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. బండి చక్రంలాంటి బొమ్మ కనిపిస్తుంది. మధ్యలో ఇరుసు, చుట్టూ సన్నటి ఆకులు, ఆకుల మధ్య ఖాళీలు. బాగానే ఉంటుంది గానీ, ఆ ఖాళీ పైనుంచి కిందికి ఒకే గొట్టమా, మధ్యలో అడ్డుగోడలున్నాయా, పక్కపక్క దారులు ఎక్కడైనా కలుస్తాయా అన్నది ఒక్క కోత చెప్పలేదు. పైగా బ్లేడు తగిలిన చోట గోడలు నలిగిపోతాయి. వేరును ముట్టుకోకుండా మూడు కొలతల్లోనూ చూడాలంటే ఎక్స్‌రే హోలోగ్రఫీ మంచి దారి.

నేను కోనసీమలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. వృక్షశాస్త్రం మిత్రుల దగ్గర అరువు తెచ్చుకున్నదే. ఎం.ఎస్సీ. విద్యార్థులో, పరిశోధన మొదలుపెడుతున్నవారో ఈ పనికి దిగితే మొదటిసారి నాకు తగిలిన దెబ్బలు తగలకూడదని రాస్తున్నాను. యంత్రం గురించి అందరూ చెబుతారు. నా అనుభవంలో ఈ పని నెగ్గేదీ ఓడేదీ నమూనా దగ్గరే. అందుకే ఆ భాగం కొంచెం పొడవుగా ఉంటుంది.

మామూలు ఎక్స్‌రే ఎందుకు చాలదు

ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రే శోషణ మీద నడుస్తుంది. ఎముక కిరణాలను ఎక్కువ మింగుతుంది, కండ తక్కువ మింగుతుంది, ఆ తేడాయే బొమ్మ. వరి వేరు గోడలో ఉన్నది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఇవి ఎక్స్‌రేను దాదాపు మింగవు. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రే 53 మైక్రాన్ల నీటిని దాటితే అర శాతం కూడా నష్టపోదు. అంత చిన్న తేడా ఫొటోలో నలుపు తెలుపులుగా తేలదు. కానీ ఆ 53 మైక్రాన్లలోనే తరంగం, పక్కన గాలిలో నడిచిన దానికంటే సుమారు సగం తరంగదైర్ఘ్యం ముందుకు జరుగుతుంది. ముందుకే, వెనక్కి కాదు. ఎక్స్‌రేలకు నీటి వక్రీభవన గుణకం ఒకటి కంటే రవ్వంత తక్కువ. ఈ జరుగుడునే దశ మార్పు అంటాం. తేలిక మూలకాల్లో దశను మార్చే గుణం, మింగే గుణం కంటే వెయ్యి రెట్ల వరకు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. మనకు కావలసిన సమాచారం అక్కడ పుష్కలంగా ఉంది. చిక్కల్లా డిటెక్టర్‌తోనే. అది వెలుగు ఎంత పడిందో లెక్కపెడుతుంది తప్ప తరంగం ముందొచ్చిందో వెనకొచ్చిందో దానికి తెలియదు.

లాకుల దగ్గర నీరు నిలకడగా ఉన్న వేళ కాలవలో పాతిన వెదురు గెడను చూడండి. దూరంగా పడవ కదిలితే వచ్చిన అల గెడకు తగిలి, దాని చుట్టూ కొత్త అలలు పుడతాయి. గెడను తాకకుండా వచ్చిన అలలతో ఇవి కలిసిన చోట నీటి మీద చారలు పడతాయి. గెడను పొగమంచు కప్పేసినా, ఆ చారలను కొలిచి గెడ ఎక్కడుందో, ఎంత లావుందో లెక్క కట్టవచ్చు. హోలోగ్రామ్ అంటే ఆ చారల ఫొటో. తాకని అల, తాకిన అల కలిసి దశను వెలుగు తేడాగా మారుస్తాయి.

ఈ ఆలోచన డెన్నిస్ గాబర్‌ది, 1948 నాటిది. అప్పటికి లేజర్ పుట్టనే లేదు. ఆయన తాపత్రయమంతా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మెరుగుపరచడం మీదే. 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. దీన్ని ఎక్స్‌రేలకు వర్తింపజేయవచ్చని 1952లో ఆల్బర్ట్ బయేజ్ రాశాడు. గాబర్ పత్రం వెలువడిన 1948లోనే బయేజ్, పాల్ కిర్క్‌పాట్రిక్‌తో కలిసి ఎక్స్‌రేలను కేంద్రీకరించే జంట అద్దాలను రూపొందించాడు. ఈనాటి నానో స్థాయి హోలోగ్రఫీ కేంద్రాలు చాలావరకు ఆ అద్దాల మీదే నడుస్తున్నాయి. రెండు పాయలు ఒకే ఏడాది పుట్టి, అర్ధ శతాబ్దం తర్వాత కలిశాయన్నమాట. 1999లో పీటర్ క్లోటెన్స్ బృందం ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో హోలోగ్రఫీని టోమోగ్రఫీతో, అంటే అనేక కోణాల చిత్రాల నుంచి త్రిమితీయ రూపం కట్టే పద్ధతితో, జోడించి హోలోటోమోగ్రఫీని చూపించింది. మనం చేయబోయేది అదే.

మొదటి అడుగు: ఇంట్లో ఎర్ర దీపంతో సాధన

సిన్‌క్రోట్రాన్‌కు, అంటే ఎలక్ట్రాన్లను వలయంలో పరుగెత్తించి తీక్షణమైన ఎక్స్‌రేలు పుట్టించే కేంద్రానికి, దరఖాస్తు పెట్టే ముందు మేజా మీద ఒక నెల ఈ పని చేయండి. గణితం అదే, తరంగదైర్ఘ్యం మాత్రమే వేరు. ఖర్చు ఒక మాదిరి ఫోను ధరకు మించదు.

కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్, దాని రెండో తరం కెమెరా, ఎర్రటి ఎల్‌ఈడీ, అల్యూమినియం రేకు, కుట్టుసూది, పలుచటి కవర్ గాజులు, నల్ల రంగు పూసిన పీవీసీ గొట్టం ముక్క. కెమెరా కటకాన్ని మరతిప్పి తీసేయండి. ఈ పద్ధతిలో కటకం ఉండదు. లోపలి సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 1.12 మైక్రాన్లు. రేకుకు సూది మొన ఆనించి, కనీకనిపించనంత చిల్లు చేయండి, 100 మైక్రాన్లు చాలు. చిల్లు వెనక ఎల్‌ఈడీ, అక్కడికి 10 సెంటీమీటర్ల దిగువన సెన్సర్, సెన్సర్‌కు ఒక మిల్లీమీటరు పైన కవర్ గాజు మీద నమూనా. మొత్తాన్ని గొట్టంలో నిలబెడితే బయటి వెలుతురు రాదు.

ఈ కొలతలు ఊరికే చెప్పలేదు. చిల్లుకు కొంత వెడల్పు ఉంది కాబట్టి చారలు అలుక్కుపోతాయి. ఎంత అలుక్కుపోతాయంటే చిల్లు వెడల్పును నమూనా నుంచి సెన్సర్ దూరంతో గుణించి, చిల్లు నుంచి నమూనా దూరంతో భాగించాలి. 100 మైక్రాన్లు, 1 మిల్లీమీటరు, 100 మిల్లీమీటర్లు వేస్తే వచ్చేది ఒక మైక్రాను, అంటే ఒక్క పిక్సెల్. అంతకు తగ్గించినా లాభం లేదు, పెంచితే బొమ్మ పోతుంది. సిన్‌క్రోట్రాన్‌లో అయినా సంబద్ధత గురించి, అంటే అలలు ఒకే లయలో ఉండటం గురించి, వేసే లెక్క ఇదే.

నమూనాగా మొదట రొయ్యల చెరువు నీటి చుక్క వాడండి. భీమవరం నుంచి అమలాపురం దాకా దానికి కరువు లేదు. అందులోని ప్లవకాలు పారదర్శకంగా ఉండి, చక్కటి వలయాలు ఇస్తాయి. తర్వాత వరి వేరుకు పక్కగా పుట్టే పిల్ల వేళ్లలో సన్నటిది పెట్టండి.

ఫొటోను ముడి రూపంలోనే తీయాలి. కెమెరా రంగుల కోసం చేసే సవరణలు చారలను పాడుచేస్తాయి. ఎర్ర వెలుగు ఎర్ర పిక్సెళ్లకే సరిగ్గా పడుతుంది కనుక అవి మాత్రమే తీసుకోండి. అప్పుడు పిక్సెళ్ల మధ్య దూరం రెట్టింపై 2.24 మైక్రాన్లు అవుతుంది. ఇది మరచిపోయి నేను రెండు వారాలు తప్పు దూరాలు వేశాను.

లెక్క పైథాన్‌లో ఇరవై వరుసలు. నమూనా లేకుండా తీసిన ఫొటోతో నమూనా ఫొటోను భాగించండి. ఫూరియే రూపాంతరం చేసి, ప్రతి పౌనఃపున్యాన్నీ వెనక్కి నడిపే దశా గుణకంతో గుణించి, తిరగేయండి. దూరాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఒక చోట వలయాలన్నీ ముడుచుకుని ప్లవకం ప్రత్యక్షమవుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా ల్యాబ్ సహాయకుడు ప్రింటు తీయించి గోడకు అంటించాడు.

బాగా చూస్తే ప్లవకం చుట్టూ మసకగా ఒక దెయ్యపు నీడ ఉంటుంది. అది జంట బింబం. తరంగం ముందొచ్చిందో వెనకొచ్చిందో డిటెక్టర్‌కు తెలియదు కాబట్టి లెక్కకు రెండు సమాధానాలూ సమ్మతమే. ఒకటి సెన్సర్‌కు ఇవతల, మరొకటి అవతల. దీన్ని వదిలించుకోవడానికి నమూనా కింద కవర్ గాజులు ఒక్కొక్కటిగా పెంచుతూ నాలుగు ఎత్తుల్లో నాలుగు ఫొటోలు తీయండి. ఒక్కో గాజు సుమారు 0.15 మిల్లీమీటర్లు. అసలు బొమ్మ నాలుగింటిలోనూ ఒకటే, దెయ్యం మాత్రం ఎత్తుతో పాటు మారుతుంది. నాలుగింటికీ సరిపడే తరంగాన్ని వెతికితే దెయ్యం దిగిపోతుంది. ఎక్స్‌రే పనిలో కీలకం ఇదే కనుక చేతికి వచ్చేదాకా వదలకండి.

రెండో అడుగు: వేరు

స్వర్ణ రకం, అంటే మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎం.టి.యు. 7029, మా ప్రాంతంలో ఏ చేలోనైనా దొరుకుతుంది. ఏ రకమైనా సరే, నాటిన తేదీ, నీటి లోతు, దుబ్బు ఉన్న చోటు రాసిపెట్టుకోండి. నాట్లయిన అయిదారు వారాలకు దుబ్బును మట్టిగడ్డతో సహా తవ్వి బకెట్‌లో తేవాలి. పీకితే వేరు సాగుతుంది, లోపలి గోడలు తెగుతాయి. కడగటం కుళాయి కింద కాదు, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, దుబ్బును అందులో ఊపుతూ మట్టి దానంతట అది జారేలా చూడాలి.

కడిగాక రెండు రంగుల వేళ్లు కనిపిస్తాయి. కొత్తవి తెల్లగా, పాతవి తుప్పు రంగులో ఉంటాయి. ఆ తుప్పు నిజంగా తుప్పే. వేరు నుంచి కారిన ఆక్సిజన్ బురదలో కరిగి ఉన్న ఇనుముతో కలిసి పొరగా పేరుకుంటుంది. వేరు ఊపిరి పీలుస్తోందనడానికి అది రైతుకు కనిపించే సాక్ష్యం. మనకు మాత్రం అది శత్రువు. ఇనుము ఎక్స్‌రేను బాగా మింగుతుంది, దాని వల్ల లెక్కలో చారలూ నీడలూ పుడతాయి. కాబట్టి తెల్ల వేరే ఎంచుకోండి. వేరు కొనకు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన గాలి దారులు బాగా విచ్చుకుని ఉంటాయి. అక్కడ కొత్త బ్లేడుతో, ఒక్క లాగుతో, 5 మిల్లీమీటర్ల ముక్క తీయండి. బ్లేడును నొక్కవద్దు, లాగండి.

ఇక ఆరబెట్టడం. పచ్చి వేరును నేరుగా కిరణంలో పెడితే నీటిలో బుడగలు లేచి, చూస్తుండగానే ఉబ్బి చీలుతుంది. ఎండలో ఆరబెడితే నీటి తలతన్యత గోడలను లోపలికి లాగి, గాలి దారులన్నీ అతుక్కుపోతాయి. ఎండు చేపలా అయిన వేరులో శ్వాసమార్గాలు వెతకడం వృథా. సరైన పద్ధతి ఇది: 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో రాత్రంతా ఉంచడం, బఫర్‌తో మూడుసార్లు కడగటం, తర్వాత ఇథనాల్‌లో 30, 50, 70, 90 శాతం చొప్పున పెంచుతూ చివర శుద్ధ ఇథనాల్‌కు తేవడం, ఆపైన క్రిటికల్ పాయింట్ డ్రైయర్. ఇందులో ఇథనాల్ స్థానంలోకి ద్రవ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని 31 డిగ్రీలు, 73 వాతావరణాల పీడనం దాటిస్తే ద్రవానికీ వాయువుకూ మధ్య హద్దే లేకుండా ఆరిపోతుంది. హద్దు లేదంటే తలతన్యత లేదు, గోడలు నిలబడే ఉంటాయి. గ్లుటరాల్డిహైడ్ ఊపిరితిత్తులకూ చర్మానికీ చెడ్డది. చేతితొడుగులు, గాలి లాగే అల్మరా లేకుండా సీసా మూత తీయవద్దు. డ్రైయర్ మీ కళాశాలలో లేకపోవచ్చు, కానీ స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న ప్రతి విశ్వవిద్యాలయంలోనూ సాధారణంగా ఉంటుంది.

ఆరిన వేరు మన వాతావరణంలో ఊరుకోదు. శ్రావణ మాసంలో మా ఊళ్లో అప్పడం డబ్బా మూత తీసిన పావుగంటకే మెత్తబడుతుంది, ఈ వేరూ అంతే. తేమ పీల్చి ఉబ్బుతుంది, పెట్టెలో ఒకలా, కిరణంలో ఒకలా ఉంటుంది. డ్రైయర్ నుంచి తీసిన నిమిషంలో సిలికా జెల్ ఉన్న గాజు సీసాలోకి చేర్చి మూత బిగించండి. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే మార్చండి. ప్రయాణంలో సీసా చేతిసంచిలోనే ఉండాలి.

మూడో అడుగు: కదలకుండా నిలపడం

నా మొదటి ప్రయత్నం పోయింది ఇక్కడే. వేరు ముక్కను రెండు వైపులా జిగురున్న టేపుతో సూది తల మీద అంటించాను. కంటికి రాయిలా నిలిచింది. పది నిమిషాల తర్వాత మొదటి ఫొటోనూ చివరి ఫొటోనూ పక్కపక్కన పెడితే వేరు రెండు మైక్రాన్లు వాలింది. మనం చూడాలనుకున్నది 0.1 మైక్రాన్. అంటే ఇరవై పిక్సెళ్లు. ఆ రాత్రి పోగుచేసినదంతా చెత్త.

టేపు వద్దు, మైనం వద్దు, నెయిల్ పాలిష్ అసలే వద్దు. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ జిగురు వాడండి. సూది మొన మీద గసగస గింజంత చుక్క పెట్టి, వేరు ముక్క ఒక చివరను అందులో నిలువుగా దింపి, 24 గంటలు వదిలేయండి. జిగురు గాలి దారుల్లోకి పైకి పాకుతుంది. దాని కోసం అర మిల్లీమీటరు వదులుకోవాల్సిందే. జిగురు పైన తేలే భాగం రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, పొడవు పెరిగితే ఊపూ పెరుగుతుంది. ఇంట్లోని సాధన గొట్టంలో ఆ సూదిని ఒక గంట నిలబెట్టి, మొదట, చివర ఒక్కో హోలోగ్రామ్ తీసి తీసివేయండి. తేడా కనిపిస్తే ఆ నమూనాను పారేయండి. నాలుగు చేస్తే ఒకటి నిలుస్తుంది, ఆరు చేసి తీసుకెళ్లండి.

నాలుగో అడుగు: యంత్రం, దూరాల లెక్క

మన దేశంలో ఇందోర్‌లోని రాజా రామన్న ప్రగత సాంకేతిక కేంద్రంలో ఇండస్-2 ఉంది. 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఈ సిన్‌క్రోట్రాన్‌కు ఇమేజింగ్ కోసం ప్రత్యేక కిరణమార్గం ఉంది. దశా వ్యత్యాసంతో మైక్రాన్ల స్థాయి టోమోగ్రఫీకి అదే మొదటి గడప. ఇంకా లోతుకు, వంద నానోమీటర్లకు దిగాలంటే గ్రెనోబుల్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్, హాంబర్గ్‌లోని పెట్రా-3 లాంటివి. అన్నిచోట్లా దరఖాస్తుకు ఒకటే సూత్రం. ఈ ప్రశ్నకు ఇంతకంటే చవక పద్ధతి ఎందుకు చాలదో రెండు పేజీల్లో చెప్పాలి. ఇండస్‌లో తీసిన ముతక చిత్రం జతచేస్తే మీ మాటకు బరువొస్తుంది.

వరి వేరు మందం దాదాపు ఒక మిల్లీమీటరు. నానో కిరణం ఒకసారి చూసేది అందులో అయిదో వంతే. కాబట్టి ముందు ముతకగా మొత్తం వేరు, తర్వాత సన్నగా ఒక మూల. ఊరి పటం లేకుండా ఇల్లు వెతకలేం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. శక్తి 17 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 12.4ను దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో వస్తుంది: 0.73. అద్దాలు కిరణాన్ని ఒక బిందువు దగ్గరికి తెస్తాయి, అక్కడి నుంచి అది శంకువులా విచ్చుకుంటుంది. డిటెక్టర్ ఆ బిందువుకు 1,200 మిల్లీమీటర్ల దూరంలో, దాని పిక్సెల్ 3 మైక్రాన్లు, అడ్డంగా 2,048 పిక్సెళ్లు అనుకుందాం. నమూనాను బిందువుకు 40 మిల్లీమీటర్ల దూరంలో పెడితే వృద్ధి 1,200 భాగించి 40, అంటే 30 రెట్లు. పిక్సెల్ 0.1 మైక్రాన్ అవుతుంది, కనిపించే వెడల్పు 205 మైక్రాన్లు. శంకువు కిరణానికి లెక్కలో వేసుకోవలసిన దూరం మాత్రం నమూనాకూ డిటెక్టర్‌కూ మధ్య ఉన్న 1,160 కాదు. దాన్ని వృద్ధితో భాగించాలి, 38.7 మిల్లీమీటర్లు వస్తుంది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. హోలోగ్రామ్ అన్ని పరిమాణాలనూ సమానంగా చూపదు. తరంగదైర్ఘ్యాన్ని ఆ దూరంతో గుణించి వర్గమూలం తీస్తే ఒక పొడవు వస్తుంది. సరిగ్గా అంత ఎడంతో పునరావృతమయ్యే వివరాలు ఆ ఫొటోలో కనిపించవు, సున్నా. పైన చెప్పిన దూరానికి అది 1.68 మైక్రాన్లు. పక్కపక్క కణగోడలు ఆ ఎడంలో ఉంటే అవి మాయం! ఇంకా సన్నటి వివరాల్లోనూ ఇలాంటి సున్నాలు వరుసగా వస్తాయి. అందుకే నమూనాను జరిపి మళ్లీ తీస్తాం. 42 మిల్లీమీటర్ల దగ్గర మొదటి సున్నా 1.72కు, 48 దగ్గర 1.83కు, 58 దగ్గర 2.01కి జరుగుతుంది. ఒకదానిలో మునిగినది మరొకదానిలో తేలుతుంది. మేజా మీద కవర్ గాజులు పెంచుతూ చేసిన పనే ఇది. దూరాలను సమాన అంతరాల్లో పెట్టకండి. పెడితే సున్నాలు ఒకదానిమీద ఒకటి పడే ప్రమాదం ఎక్కువ.

అయిదో అడుగు: కిరణం దగ్గర

మీకు దొరికేది బహుశా రెండు మూడు రోజులు, పగలూ రాత్రీ. ముగ్గురు వెళ్లండి, ఒకరు నిద్రపోతుంటే ఇద్దరు మేలుకోవాలి.

నమూనాను పెట్టాక అరగంట తాకకుండా వదిలేయండి, అక్కడి ఉష్ణోగ్రతకు అలవాటు పడాలి. ఆతృత అంతా ఈ అరగంటలోనే పుడుతుంది, ఓర్చుకోండి. కిరణం ఆపి ఇరవై చీకటి ఫొటోలు, నమూనాను పక్కకు తప్పించి ఇరవై ఖాళీ ఫొటోలు తీయండి. ఖాళీ ఫొటోలు మధ్యమధ్యలో మళ్లీ తీయాలి, కిరణం నిమిషానికో తీరుగా మారుతుంది.

కోణాలు ఎన్ని? అడ్డంగా ఉన్న పిక్సెళ్లను 1.57తో గుణిస్తే చాలు. 2,048కి సుమారు 3,200, అరచుట్టు తిరిగేలోపు. ఒక్కోటి పదో వంతు సెకను అనుకుంటే ఒక దూరానికి అయిదు నిమిషాల ఇరవై సెకన్లు, నాలుగు దూరాలకు సుమారు ఇరవై ఒక్క నిమిషాలు. ఒక్కో ఫొటో 8.4 మెగాబైట్లు కనుక నాలుగు దూరాలకు 107 గిగాబైట్లు. ఒక్క వేరుకే ఇది. ఖాళీ హార్డ్ డిస్కులు తగినన్ని వెంట తీసుకెళ్లండి, వాటి మీద వేరు సంఖ్య ముందే రాసుకోండి.

ప్రతి దూరంలోనూ తిప్పడం అయ్యాక సున్నా డిగ్రీలకు తిరిగి వచ్చి ఇంకో ఫొటో తీయడం మరచిపోవద్దు. మొదటిదాన్ని దీన్నుంచి తీసివేస్తే బూడిద రంగు పలక మిగలాలి. అంచులు మెరిస్తే నమూనా కదిలింది, లేదా కిరణం తాకిడికి కుంచించుకుపోయింది. అంచులు ఒకే వైపు మెరిస్తే కదలిక, అన్ని వైపులా లోపలికి మెరిస్తే కుంచించుకోవడం. మొదటిదైతే జిగురు తప్పు, రెండోదైతే కిరణం మోతాదు తగ్గించాలి. ఈ ఒక్క పరీక్ష అక్కడికక్కడే చేయండి. ఇంటికొచ్చాక చేస్తే ఏడవడం తప్ప ఏమీ ఉండదు.

ఆరో అడుగు: చారల నుంచి వేరుకు

వరుస ఇది. ప్రతి ఫొటో నుంచీ చీకటిని తీసేసి, చీకటి తీసేసిన ఖాళీ ఫొటోతో భాగించండి. నాలుగు దూరాల వృద్ధి నాలుగు రకాలు కాబట్టి అన్నింటినీ 0.1 మైక్రాన్ పిక్సెల్‌కు సాగదీసి ఒకదానిపై ఒకటి కచ్చితంగా సరిపెట్టండి. పిక్సెల్‌లో పదో వంతు దాకా సరిపోవాలి. ఆ తర్వాత ప్రతి కోణానికీ నాలుగు హోలోగ్రామ్‌ల నుంచి ఒక దశా చిత్రం రాబట్టాలి. చివరగా 3,200 దశా చిత్రాలను టోమోగ్రఫీ లెక్కకు ఇస్తే త్రిమితీయ ఘనం వస్తుంది.

దశ రాబట్టడానికి జర్మనీలోని గోటింగెన్ బృందం రాసిన హోలోటోమోటూల్‌బాక్స్ ఉంది, అది మ్యాట్‌ల్యాబ్‌లో నడుస్తుంది. టోమోగ్రఫీకి పైథాన్‌లో టోమోపై, ఆస్ట్రా ఉన్నాయి. మూడూ ఉచితమే, మ్యాట్‌ల్యాబ్‌కు మాత్రం లైసెన్సు కావాలి. నాలుగు దూరాలూ కుదరక ఒక్కటే మిగిలితే 2002లో పగానిన్ బృందం చెప్పిన ఒకే దూరం పద్ధతి వాడవచ్చు. అది నమూనా అంతా ఒకే పదార్థమని నమ్ముతుంది. ఇనుము పొర లేని తెల్ల వేరుకు ఆ నమ్మకం దాదాపు నిజమే. బొమ్మ కొంచెం మెత్తగా వస్తుంది, కానీ వస్తుంది. నేను మొదట ఎప్పుడూ దీన్నే నడిపి, వేరు వేరులా ఉందో లేదో చూసి, తర్వాతే నాలుగు దూరాల జోలికి పోతాను.

ఎదురయ్యే రోగాలు మూడు. బొమ్మ అంతటా మబ్బు కమ్మినట్టు ఉంటే పెద్ద పరిమాణాల సమాచారం హోలోగ్రామ్‌లో చాలలేదని అర్థం. దశను రాబట్టేటప్పుడు వాడే స్థిరీకరణ సంఖ్యను కొద్దిగా పెంచి చూడండి. కేంద్రం చుట్టూ గాజుల్లాంటి వలయాలు వస్తే డిటెక్టర్‌లో కొన్ని పిక్సెళ్లు చెడ్డవి, వాటిని తీసే సాధనాలు టోమోపైలోనే ఉన్నాయి. ప్రతి గోడా జంటగా కనిపిస్తే తిరుగుడు కేంద్రం తప్పింది. సున్నా డిగ్రీల చిత్రాన్నీ, 180 డిగ్రీల చిత్రాన్ని అద్దంలోలా తిప్పీ సరిపెడితే కేంద్రం దొరుకుతుంది.

2,048 చొప్పున మూడు వైపులా ఉన్న ఘనం 34 గిగాబైట్లు. 16 గిగాబైట్ల కంప్యూటర్ దాన్ని మింగలేదు. ముందు ప్రతి వైపూ నాలుగో వంతుకు కుదించి పద్ధతి సరిచూసుకుని, తర్వాత పూర్తి పరిమాణంలో ఒక రాత్రి నడపండి.

ఏడో అడుగు: చూసినదాన్ని ఎంత నమ్మాలి

పిక్సెల్ 0.1 మైక్రాన్ అంటే స్పష్టత 0.1 మైక్రాన్ కాదు. మంచి పరిస్థితుల్లోనూ అది రెండు మూడు రెట్లు ముతకగా ఉంటుంది. కొలవడానికి 3,200 కోణాలను సరి, బేసి అని రెండు జట్లుగా విడదీసి రెండు ఘనాలు కట్టి, ఏ సన్నదనం దాకా రెండూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయో చూడండి. వ్యాసంలో రాయవలసినది ఆ సంఖ్యే.

దశ విలువలు ఎలక్ట్రాన్ సాంద్రతకు అనుపాతం. అందుచేత గాలి ఉన్నచోట సున్నా రావాలి. గాలి దారి మధ్యలో విలువ సున్నాకు దూరంగా ఉంటే ఆ మేరకు మొత్తం తప్పు. ఇది ఖర్చు లేని తనిఖీ.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఫిజీ, త్రీడీ స్లైసర్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకదానిలో గాలిని గోడ నుంచి విడదీసి, ఒక దారిలో రంగు పోసినట్టుగా అది ఎక్కడెక్కడికి పాకుతుందో చూడండి. రంగు పక్క దారిలోకి వెళితే అక్కడ గోడలో తెరపు ఉంది. మా రెండో వేరులో ఒక దారి నుంచి రంగు మూడు పక్క దారుల్లోకి పాకింది. సంబరపడ్డాం. తీరా కోణం మార్చి చూస్తే మూడు తెరపులూ తిన్నగా ఒకే గీతలో ఉన్నాయి, అంచులు పదునుగా ఉన్నాయి. మొక్క కణాలు చనిపోయి విడిచిన ఖాళీలకు అంచులు గుండ్రంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గీత గీసినట్టున్నది ఆరబెట్టడంలో వచ్చిన పగులే. పచ్చి వేరును ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టిన మరో ముక్కను అదే చోట చూస్తే అలాంటి గీత లేదు. ఆ ముక్కలో తెరపు ఒకటే దొరికింది, అంచు గుండ్రంగా ఉంది. వరి పండించే మా బాబాయికి అది కంప్యూటర్ తెర మీద తిప్పి చూపిస్తే, ఇది ఏ మడిలోదని అడిగాడు. రాసిపెట్టుకున్న కాగితం తీసి చూశాను, బోదె పక్క రెండో మడి, నాటి ముప్పై ఎనిమిది రోజులు.